వినే చేతులు కావాలి

2011 చలికాలంలో న్యూజెర్సీలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. ఒక సాయంత్రం అల్లుడు నన్ను న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరాకి తీసుకెళ్ళాడు. దాదాపు 3,800 మంది పట్టే హాలు. పాడేవాళ్ళ ముందు మైకు లేదు. తెర లేచేసరికి ఎదురుగా వంపు తిరిగిన ముడతల రేకు గోడ ఉంది. మన ఊళ్ళో గోడౌన్లకి వేస్తామే, ఆ రేకే. నేలంతా పాత న్యూస్‌పేపర్లు. ఎవరో గొంతెత్తి పాడుతున్నారు, ఆ భాష నాకు తెలుసు! భగవద్గీత శ్లోకాలు. కురుక్షేత్రం న్యూయార్క్‌లో మొదలైంది. కాసేపటికి ఆ న్యూస్‌పేపర్లే మనుషుల కన్నా ఎంతో ఎత్తైన యోధుల బొమ్మలై లేచి నిలబడ్డాయి.

ఆ ఒపెరా పేరు 'సత్యాగ్రహ'. ఫిలిప్ గ్లాస్ సంగీతం. గాంధీ దక్షిణాఫ్రికా రోజుల కథ. మొదట 1980లో నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్‌లో ఆడారు. నేను చూసిన ప్రదర్శన 2007లో లండన్‌లో పుట్టింది. సెట్లు జూలియన్ క్రౌచ్‌వి, దుస్తులు కెవిన్ పొలార్డ్‌వి. న్యూస్‌పేపర్లే ఎందుకు? గాంధీ అక్కడ 'ఇండియన్ ఒపీనియన్' అనే పత్రిక నడిపాడు కనక. ఆయన ఆయుధం కాగితం. కాబట్టి రంగస్థలం మీద రాక్షసులైనా, గోడలైనా, జనమైనా కాగితంలోంచే పుట్టాలి. చివరి అంకంలో మనం పార్సిళ్ళకి అంటించే పారదర్శకమైన టేపుని రంగస్థలం అడ్డంగా ఇటునుంచి అటు లాగి కట్టారు. దాని మీద వెలుగు పడితే వాన చినుకులు గాలిలో ఆగిపోయినట్టు ఉంది.

నేను ముప్పై ఏళ్ళు పద్య నాటకాలకి తెరలు రాసి, కిరీటాలు అంటించి, సెట్లు కట్టి బతికినవాణ్ణి. కురుక్షేత్రం ఎన్నిసార్లు కట్టానో లెక్క లేదు. అట్ట రథం, వెల్వెట్ గుడ్డ, జిగేలుమనే జరీ. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రేకు, పాత పేపరు, టేపు మా ఊరి కిరాణా కొట్టు పక్క సందులో దొరికేవే. ఇన్నేళ్ళూ నా చుట్టూ సామాను ఉంది. పాటని విని, దీనికి ఏ సామాను పలుకుతుంది అని అడిగిన మనిషే లేడు. నేనూ అడగలేదు.

నువ్వు అడగాలి. అందుకే రాస్తున్నాను.

నీ పేరు నాకు తెలియదు. కానీ నిన్ను చూశాను. లెక్కల నోటు పుస్తకం చివరి పేజీల్లో గౌన్లూ చీరలూ గీసే అమ్మాయివి నువ్వు. వినాయక చవితికి పందిట్లో థర్మాకోల్‌తో కైలాసం కట్టి, నిమజ్జనం రోజు ఆ కొండని విప్పుతుంటే కళ్ళ నీళ్ళు పెట్టుకున్న అబ్బాయివి నువ్వు. సంక్రాంతికి అమ్మమ్మ బొమ్మల కొలువు పెడుతుంటే, కింది మెట్టు మీది రైతు బొమ్మని ఒక పక్కకి జరిపి "ఇప్పుడు బావుంది చూడు" అన్నావు. నిజంగానే బావుంది. ఎందుకు బావుందో అప్పుడు నీకు తెలియదు. ఆ 'ఎందుకు' నేర్చుకుని దాని మీదే బతికే వృత్తి ఒకటి ఈ లోకంలో ఉంది. ఒపెరాకి సెట్లూ దుస్తులూ రూపొందించే వృత్తి. మన దగ్గర దాని పేరు ఎత్తేవాళ్ళు తక్కువ. నేను ఎత్తుతున్నాను.

ఒపెరా అంటే బెదరకు. పద్య నాటకం చూసిన ఇంట్లో పుట్టినవాళ్ళకి అది దూరపు చుట్టమే. అక్కడా కథ నడిచేది పాటతోనే. యుద్ధానికి వెళ్తున్నవాడూ పాడతాడు, చచ్చిపోతున్నవాడూ పాడతాడు. మన హార్మోనియం చోట అక్కడ రంగస్థలం ముందు గోతిలో పెద్ద వాద్యబృందం కూర్చుంటుంది, చేతిలో చిన్న కర్ర పట్టుకున్న కండక్టర్ దాన్ని నడుపుతాడు. ఒపెరా 1600 ప్రాంతంలో ఇటలీలో పుట్టింది. 1607లో మాంటెవెర్డీ మాంటువాలో ఆడించిన 'ఓర్ఫియో'ని ఇవాళ్టికీ పాడుతున్నారు. ఇంకొక్క తేడా చెప్పి ముందుకు వెళ్తాను. మన నటుడు చప్పట్లు పడితే రాగం ఇంకాస్త సాగదీస్తాడు. ఒపెరాలో ఆ వీలు దాదాపు ఉండదు. సంగీతం ముందే రాసి ఉంటుంది, అది ఎవరి కోసమూ ఆగదు.

నీ పని మొదలయ్యేది అక్కడే. ఈ వృత్తిలో పెన్సిలు పట్టే ముందు చెవి పెట్టాలి.

రాజమందిరం చెరసాలగా మారాలి. మధ్యలో వాద్యబృందం వాయించేది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో నీ గోడలు కదలాలి, నీ మెట్లు మాయం కావాలి, చప్పుడు రాకూడదు. అరవై మంది బృందగానం వాళ్ళు పన్నెండు తాళాల వ్యవధిలో లోపలికి రావాలంటే నీ గుమ్మం ఎంత వెడల్పు ఉండాలి? అది సంగీతంలోనే రాసి ఉంటుంది, నువ్వు చదవగలిగితే. అందుకే ఈ పనిలో పేరున్నవాళ్ళు నొటేషన్ పుస్తకం ముందు పెట్టుకుని, స్టాప్‌వాచ్ పట్టుకుని, పాట పదేసిసార్లు వింటారు.

గోడ దేంతో చేస్తావన్నది కూడా చెవి సంగతే. మైకు లేని గాయకురాలి వెనక చుట్టూ మెత్తటి తెరలు వేలాడదీస్తే ఆ గుడ్డ ఆమె గొంతుని తాగేస్తుంది. వెనక గట్టి చెక్క గోడ నిలబెడితే అదే గొంతు చివరి వరసదాకా వెళ్తుంది. కంటికి ఎంత ముద్దుగా ఉన్నా పాటని మింగే సెట్టు ఒపెరాకి పనికిరాదు. గాయకుడికి కండక్టర్ కనబడాలి. తన స్వరం తనకి వినబడాలి. ఎత్తు స్వరం అందుకునే క్షణంలో కాలికింద నేల గట్టిగా ఉండాలి. ఇవన్నీ చూసుకున్న తరవాతే అందం.

తరవాత నమూనా. ఇంగ్లండులో 1:25 కొలతకి కడతారు, అంటే రంగస్థలం మీద ఇరవై అయిదు సెంటీమీటర్లు నీ బల్ల మీద ఒక సెంటీమీటరు. ముందు రంగులేవీ లేకుండా తెల్ల అట్టతో. దర్శకుడూ, సాంకేతిక బాధ్యుడూ దాని చుట్టూ కూర్చుని పోట్లాడుకుంటారు. ఇది పడుతుంది, ఇది పట్టదు, ఇది కడితే డబ్బు సరిపోదు. నువ్వు చింపి మళ్ళీ కడతావు. ఆ తరవాతే రంగులద్దిన అసలు నమూనా. రిహార్సల్ మొదటి రోజున గాయకులందరి ముందూ ఆ పెట్టె మీద కప్పిన గుడ్డ తీసి, "ఇదిగో, మీరు ఉండబోయే లోకం" అని చూపిస్తావు. ఆ క్షణం కోసం ఏళ్ళ తరబడి పని చేసేవాళ్ళున్నారు. పెద్ద ఒపెరా హాళ్ళలో కొత్త ప్రదర్శనకి ఏర్పాట్లు రెండు మూడేళ్ళ ముందే మొదలవుతాయి. బాగా కుదిరితే అది నీకన్నా ఎక్కువ కాలం బతకొచ్చు. ఫ్రాంకో జెఫిరెల్లి 1981లో మెట్రోపాలిటన్‌కి కట్టిన 'లా బొహెమ్' సెట్లు, ఆయన 2019లో పోయాక కూడా ఆ రంగస్థలం మీద నిలబడ్డాయి.

నీకు ఒక మనిషి గురించి చెప్పాలి. మింగ్ చో లీ. 1930లో షాంఘైలో పుట్టాడు. చిన్నప్పుడు తల్లి నాటకాలకీ ఒపెరాలకీ తీసుకెళ్ళేది. చైనా సంప్రదాయ పద్ధతిలో కొండలూ నదులూ నీటి రంగులతో వెయ్యడం గురువు దగ్గర నేర్చుకున్నాడు. 1949లో చదువుకి అమెరికా వెళ్ళాడు. ఇంగ్లీషు అంతంత మాత్రం. మాటలతో నడిచే క్లాసుల్లో వెనకబడి, మాటలు అక్కర్లేని బొమ్మల క్లాసుల వైపు జరిగాడు. నీకూ ఇంగ్లీషు భయం ఉంటే ఈ వాక్యం రెండోసారి చదువు. తరవాత న్యూయార్క్‌లో జో మీల్జినర్ అనే పెద్ద రంగాలంకరణ నిపుణుడి దగ్గర సహాయకుడిగా చేరి, ఏళ్ళపాటు ఆయన నక్షాలు గీశాడు, ఆయన నమూనాలు అంటించాడు.

అప్పటి అమెరికా రంగస్థలం ఎక్కువగా రంగుల తెరల మీదా, మృదువైన బొమ్మల మీదా నడిచేది. లీ అందులోకి ఇనుప గొట్టాల పరంజాలని తెచ్చాడు, గరుకు గోడలని తెచ్చాడు, నిట్టనిలువుగా లేచే ఖాళీని తెచ్చాడు. 1966లో న్యూయార్క్ సిటీ ఒపెరా తన కొత్త హాలుని హినస్టేరా రాసిన 'డాన్ రోడ్రిగో'తో తెరిచినప్పుడు ఆ సెట్లు ఆయనవే. అందులో పాడిన కుర్రాడు, తరవాత లోకమంతా పేరు పొందిన గాయకుడు ప్లాసిడో డొమింగో. 1974లో మెట్రోపాలిటన్‌కి లీ 'బోరిస్ గొదునోవ్' చేశాడు. 1983లో 'కె2' అనే నాటకానికి రంగస్థలం మీద మంచు కొండ గోడ నిలబెట్టి టోనీ అవార్డు అందుకున్నాడు. ఆ కొండ చిత్రం చూసినప్పుడల్లా నాకు షాంఘైలో కుంచె పట్టుకున్న పిల్లవాడే గుర్తొస్తాడు. చైనా చిత్రకారుడు కొండ వేసేటప్పుడు కాగితంలో సగం వదిలేస్తాడు. ఎక్కడ వదలాలో చెయ్యికి తెలియడమే ఆ విద్య. లీ ఆ విద్యని పారేయలేదు, దాన్నే అట్టలోకీ ఇనుములోకీ మార్చుకున్నాడని నేను నమ్ముతాను.

1969 నుంచి 2017 దాకా యేల్ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పాడు. ఆయన శనివారం క్లాసు అమెరికా రంగస్థలంలో ఒక పెద్ద పేరు. విద్యార్థులు తమ నమూనాలు తెచ్చి అందరి ముందూ పెట్టాలి, ఆయన ప్రశ్నలకి నిలబడాలి. 2020లో తన తొంభయ్యో ఏట పోయేనాటికి అమెరికా రంగస్థలం నిండా ఆయన శిష్యులే.

ఇంగ్లండు చిత్రకారుడు డేవిడ్ హాక్నీ ఇంకో గుమ్మంలోంచి వచ్చాడు. 1975లో ఒపెరా ఉత్సవం జరిగే గ్లైండ్‌బోర్న్‌లో స్త్రవిన్‌స్కీ ఒపెరా 'ది రేక్స్ ప్రోగ్రెస్' అప్పగిస్తే, ఆ కథకి మూలమైన 18వ శతాబ్దపు హోగార్త్ చెక్కుడు బొమ్మల్ని ముందు పెట్టుకున్నాడు. వాటిలోని అడ్డం నిలువు గీతల్ని గోడల మీదికీ, కుర్చీల మీదికీ, మనుషుల దుస్తుల మీదికీ ఎక్కించాడు. ఆయన చేతికి తెలిసింది గీత. గీతనే పట్టుకెళ్ళాడు.

నీ చేతికి ఏం తెలుసు? ముందు అది వెతుక్కో.

ఇక దుస్తుల సంగతి. ఇక్కడ నేను కాస్త ఆగుతాను, ఎందుకంటే మన దగ్గర ఎక్కువ చిన్నచూపుకి గురైన పని ఇదే. "డ్రెస్సులు కుట్టేవాడు" అంటారు. భరతుడి నాట్యశాస్త్రం అలా అనలేదు. అభినయం నాలుగు రకాలని చెప్పి అందులో ఆహార్యాన్ని ఒకటిగా నిలబెట్టింది. ఆ ఆహార్యంలో మళ్ళీ పుస్తం, అలంకారం, అంగరచన, సజీవం అని విభాగాలు. పుస్తం అంటే కొండలూ, విమానాలూ, ఆయుధాలూ తయారు చేసే నమూనా పని. అంటే సెట్టూ దుస్తులూ ఒకే గొడుగు కింద పెట్టిన పెద్దలు మనవాళ్ళు. బ్రిటన్‌లో ఇవాళ్టికీ రెండు పనులూ ఒకే మనిషికి ఇవ్వడం మామూలు. మరియా బ్యోర్న్‌సన్ అలాగే చేసింది. చెక్ స్వరకర్త యానాచెక్ ఒపెరాలకి ఆమె చేసిన వరస ఆమెకి పేరు తెచ్చింది. 'ఫాంటమ్ ఆఫ్ ది ఒపెరా' అనే సంగీత నాటకానికి సెట్లకొక టోనీ, దుస్తులకొక టోనీ, రెండూ ఆమెకే వచ్చాయి.

ఒపెరా దుస్తులకి కొలతలు తీసే పద్ధతి నీకు తెలియాలి. ఛాతీ కొలత రెండుసార్లు తీస్తారు, ఊపిరి వదిలినప్పుడు ఒకసారి, నిండా పీల్చినప్పుడు ఒకసారి. గాయకురాలి పక్కటెముకలు విచ్చుకునే ఆ తేడాలోనే పాట ఉంది. కథ ప్రకారం నడుము బిగించి కట్టిన కాలపు గౌను ఆమెకి వెయ్యాలి, కానీ ఊపిరి ఆడాలి. చూసేవాడికి బిగుతుగా కనబడాలి, వేసుకున్నామెకి వదులుగా ఉండాలి. ఆ ఒక్క కుట్టు సాధించడానికి గుడ్డ కత్తిరించే కట్టర్ ఎన్నిసార్లో విప్పి కుడుతుంది. తలపాగా చెవుల్ని కప్పకూడదు, కప్పితే వాద్యం సరిగా వినబడదు. టోపీ అంచు మొహం మీద నీడ పడనివ్వకూడదు. లోపల కుట్ల దగ్గర గుడ్డ ఎక్కువ వదులుతారు, వచ్చే ఏడు ఇదే పాత్ర ఇంకో ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి పాడుతుంది కనక. మెడ వెనక పేరు రాసిన గుడ్డ ముక్క కుడతారు. పాత దుస్తుల్లో ఒకదాని కింద ఒకటి అలాంటి పేర్లు కనబడతాయి. నాకు అంతకన్నా గొప్ప వంశవృక్షం ఇంకోటి లేదనిపిస్తుంది.

కొత్త గుడ్డని పాతగా చెయ్యడం వేరే విద్య. బిచ్చగాడి కోటు దర్జీ దగ్గరి నుంచి తళతళలాడుతూ వస్తుంది. దాన్ని గరుకు కాగితంతో రుద్ది, వంటింటి తురుముపీటతో మోచేతుల దగ్గర గీకి, టీ రంగులో ముంచి, మోకాళ్ళు ఎక్కడ ఉబ్బుతాయో అక్కడ ఉబ్బించాలి. ఒక మనిషి జీవితం ఆ కోటు మీద రాయాలి. పొలానికి వెళ్ళొచ్చిన తాతయ్య పంచె చూసినవాడికి మట్టి ఎక్కడ పడుతుందో, చెమట ఎక్కడ ఆరుతుందో ఒకరు చెప్పక్కర్లేదు.

విగ్గులు ఇంకో లోకం. సన్నటి వల మీద ఒక్కో వెంట్రుకా ముడి వేస్తారు. తిరుమలలో మనం సమర్పించిన తలనీలాలు వేలంలో అమ్ముడుపోయి విగ్గుల కోసం విదేశాలకి వెళ్తాయి. మన గుడ్డ అంతకన్నా ముందే వెళ్ళింది. 17, 18 శతాబ్దాల్లో మచిలీపట్నం మొదలుకుని కోరమాండల్ తీరం పొడుగునా అద్దిన కలంకారీ వస్త్రాల కోసం యూరప్ వెర్రెత్తిపోయింది. తమ నేతగాళ్ళు దెబ్బతింటున్నారని ఫ్రాన్స్ 1686లో ఆ గుడ్డని నిషేధించి 1759దాకా ఆ నిషేధం ఎత్తలేదు. ఇవాళ మొజార్ట్ 1786లో రాసిన 'ఫిగారో పెళ్ళి'కి దుస్తులు గీసే మనిషి, ఆ కాలపు గుడ్డలు చూడాలని లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియానికి వెళ్తే, అక్కడ అద్దాల వెనక మన తీరపు పువ్వులూ తీగలూ ఉంటాయి. ముదురు ఎరుపు, నీలిమందు నీలం. మన జుట్టు వెళ్ళింది, మన గుడ్డ వెళ్ళింది. మన చేతులు మాత్రం ఇంటి దగ్గరే ఉండిపోయాయి. ఇది నాకు కోపం తెప్పిస్తుంది. నీకూ తెప్పించాలి.

ఆ ఎరుపు ఏ వేరులోంచి వస్తుందో, ఎన్నిసార్లు ఏటి నీళ్ళలో జాడిస్తే ఆ మెరుపు వస్తుందో తెలిసిన ఇళ్ళు పెడనలో ఇంకా ఉన్నాయి. శ్రీకాళహస్తిలో కలం పట్టేవాళ్ళున్నారు. సెలవుల్లో నెల రోజులు అక్కడ కూర్చో. ఎవరూ పిలవకపోయినా వెళ్ళి కూర్చో.

యంత్రాల మీద మోజున్న తమ్ముడూ, నీకూ ఇక్కడ చోటుంది. 1640లలో వెనిస్‌లో జాకొమో టొరెల్లి అనే ఇంజనీరు, రంగస్థలం కింద చక్రాల బండ్లు పెట్టి, పక్క తెరల చట్రాలన్నీ వాటికి బిగించి, అన్నీ ఒకే ఇరుసుకి కలిపాడు. ఒక్క తిప్పుకి అడవి మాయమై నగరం ప్రత్యక్షం. జనం మంత్రమనుకున్నారు. ఆ తరహా యంత్రాలు ఇప్పటికీ పని చేస్తున్న చోటు స్వీడన్‌లో ఉంది. స్టాక్‌హోమ్ దగ్గర డ్రాట్నింగ్‌హోమ్ రాజప్రాసాద నాటకశాల, 1766లో కట్టింది. రంగస్థలం కింద మనుషులు గానుగ తిప్పినట్టు ఒక పెద్ద ఇరుసుని తిప్పితే పైన లోకం మారుతుంది. చెక్క సముద్రపు కెరటాలు దొర్లుతాయి, రాళ్ళ పెట్టె ఉరుముతుంది. రాజు మూడో గుస్తావ్ 1792లో హత్యకి గురయ్యాక దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. 1921లో ఒక పరిశోధకుడు తలుపు తెరిస్తే పాత సెట్లు దుమ్ము కింద అలాగే ఉన్నాయి.

ఇది చదివినప్పుడు నాకు సురభి గుర్తొచ్చింది. నీకూ రావాలి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలై, వనారస గోవిందరావు గారి కుటుంబం తరాల తరబడి నడిపిన నాటక సమాజాలు. బాణం బాణంతో ఢీకొని నిప్పు రాలుతుంది, నారదుడు మేఘాల్లోంచి దిగుతాడు, వాన పడుతుంది. తీగలూ, కప్పీలూ, తాళ్ళూ, వాటిని సరైన తాళానికి లాగే చేతులూ. స్వీడన్ వాళ్ళు ఆ ఇరుసుని ఇప్పటికీ నూనె వేసి తిప్పుతున్నారు. మనం సురభి తెర వెనక పనిని ఎంతమందిమి వెళ్ళి చూశాం? ఎవరైనా కూర్చుని నక్షాలు గీశారా? ఆ తాడు ఎక్కడ కట్టారో, ఏ బరువుకి ఏ బరువు సరి తూగుతుందో, ఏ పద్యం ఏ పాదం దగ్గర లాగాలో రాసి పెట్టు. నీ మొదటి పాఠ్యపుస్తకాన్ని నువ్వే రాసుకున్నట్టు. పై దేశం వెళ్ళి ఇంటర్వ్యూలో కూర్చున్నప్పుడు, పక్కవాళ్ళందరి దగ్గరా లేనిది నీ సంచీలో ఉంటుంది.

ఇప్పుడు కష్టం సంగతి. దాచి చెప్పడం నాకు చేతకాదు.

తెలుగు నేల మీద ఒపెరా హాలు లేదు. దేశంలో చెప్పుకోదగ్గది ముంబైలోని రాయల్ ఒపెరా హౌస్. 1911లో తెరిచారు, ఎన్నో ఏళ్ళు మూతపడి 2016లో మళ్ళీ తెరుచుకుంది, అక్కడా ఒపెరా ఆడే రోజులు తక్కువే. కాబట్టి అసలు పని కోసం సముద్రం దాటాలి. దాటినా మొదటి ఏళ్ళు వేరేవాళ్ళ నమూనాలకి జిగురు పూస్తూ గడుస్తాయి. నెల జీతం ఉండదు, ఒప్పుకున్న పనికి విడతలుగా డబ్బు వస్తుంది, ఒక పనికీ ఇంకో పనికీ మధ్య ఖాళీ నెలలుంటాయి. నేను వయసులో ఉన్నప్పుడు ఒక నాటక పోటీ నిర్వాహకులు మూడు నాటకాలకి సెట్లు కట్టించుకుని పైసా ఇవ్వకుండా పంపేశారు. నా దగ్గర కాగితం లేదు, మాట మీద నమ్మకం తప్ప. నువ్వు ఆ తప్పు చెయ్యకు. గీసిన ప్రతి బొమ్మ మీదా సంతకం, తేదీ. ఒప్పందం రాతలో. నీ నమూనా ఫోటోలు నీ దగ్గర. కళాకారుడు డబ్బు అడక్కూడదని ఎవరైనా అంటే వాళ్ళ పనికి నువ్వు వెళ్ళకు.

ఇంట్లో పెద్దవాళ్ళు "బొమ్మలు కూడు పెడతాయా" అంటారు. వాళ్ళ మీద కోపం తెచ్చుకోకు. వాళ్ళు చూసిన బొమ్మలవాళ్ళు ఆకలితో ఉన్నారు, అది నిజం. నువ్వు వాళ్ళకి మాట కాదు, పని చూపించు. ఈ విద్య ఒపెరా దగ్గరే ఆగిపోదని కూడా చెప్పు. నాటకం, సినిమా, మ్యూజియం గదులు, పెద్ద ఉత్సవాలు, అన్నిటికీ ఇదే చెయ్యి కావాలి. భాను అథయ్య హిందీ సినిమాలకి దుస్తులు గీస్తూ గీస్తూ 'గాంధీ' సినిమాతో 1983లో మన దేశానికి మొదటి ఆస్కార్ తెచ్చింది. ఆమె చేతిలో ఉన్నవి ఖద్దరూ, పంచె, నేత చీర.

చదువుకి దారులున్నాయి. ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల విభాగం. గుడ్డ మీద మనసుంటే హైదరాబాద్ ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్. కట్టడం మీద మనసుంటే పుణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో కళా దర్శకత్వం. మింగ్ చో లీ పాఠం చెప్పిన ఆ యేల్ నాటక పాఠశాలలో 2021 నుంచి ట్యూషన్ ఫీజు లేదు. ఒక దాత ఇచ్చిన 15 కోట్ల డాలర్లతో దాన్ని ఎత్తేశారు. చోటు దొరకడం కష్టం, కానీ ఇక తలుపు దగ్గర డబ్బు అడ్డం లేదు. 1967 నుంచి నాలుగేళ్ళకొకసారి ప్రాగ్ నగరంలో రంగాలంకరణ ప్రదర్శన జరుగుతుంది, విద్యార్థుల పనికి కూడా అక్కడ చోటుంది. ఇవేవీ అందేలోగా ఎదురు చూస్తూ కూర్చోకు. మీ ఊళ్ళో ఉగాదికి నాటకం వేస్తున్నారా? వెళ్ళి వెనక నిలబడు. తాడు పట్టుకో. ఎవరి కిరీటం వదులైతే వాళ్ళకి సూది దారం అందించు. పాశ్చాత్య నొటేషన్ చదవడం నేర్చుకో, ఆరు నెలలు గట్టిగా కూర్చుంటే వస్తుంది.

పట్టుదల గురించి ఒక్క మనిషిని తలుచుకుంటాను. అడోల్ఫ్ ఆపియా, స్విట్జర్లాండ్‌వాడు, 1862లో పుట్టాడు. జర్మన్ స్వరకర్త వాగ్నర్ ఒపెరాలకి గుడ్డల మీద రాసిన అడవులూ కోటలూ తీసేసి, మెట్లూ, ఎత్తుపల్లాలూ, వాటి మీద కదిలే వెలుగూ చాలు అన్నాడు. సంగీతం ఎలా కదిలితే వెలుగు అలా కదలాలన్నాడు. వాగ్నర్ భార్య కోసిమా ఆ బొమ్మల్ని బైరాయిత్‌లోని వాగ్నర్ నాటకశాల గడప తొక్కనివ్వలేదు. ఆయన గీస్తూనే ఉన్నాడు. 1928లో పోయాడు. 1951లో అదే బైరాయిత్‌లో వాగ్నర్ మనవడు వీలాండ్ తెర లేపితే, రంగస్థలం దాదాపు ఖాళీ. వెలుగు, నీడ, వాటి మధ్య మనిషి. ఆపియా అడిగింది అదే. ఇప్పుడు ఏ ఊళ్ళో ఏ నాటకానికి లైటు వేసినా ఆయన చెయ్యి అందులో ఉంటుంది.

అందుకని, నువ్వు ఇవాళ రాత్రే మొదలుపెట్టు. చెప్పుల పెట్టె ఒకటి తీసుకో. ముందు వైపు కోసెయ్యి, అది నీ రంగస్థలం. లోపల గోడలకి నల్ల కాగితం అంటించు. పాత అట్ట, బ్లేడు, జిగురు, స్కేలు చాలు. ఒక పాట ఎన్నుకో. 'సత్యాగ్రహ'లో కురుక్షేత్రమైనా సరే, మీ తాతయ్య పాడే పద్యమైనా సరే. కళ్ళు మూసుకుని మూడుసార్లు విను. మొదటిసారి ఏమీ ఆలోచించకు. రెండోసారి ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నారో గమనించు. మూడోసారి ఈ గొంతు దేన్ని ఆనుకుని నిలబడింది అని అడుగు. గోడనా, చెట్టునా, ఏమీ లేని చోటునా?

గోడలు కట్టే ముందు మనిషిని చెయ్యి. 1:25 కొలతలో అయిదున్నర అడుగుల మనిషి ఆరున్నర, ఏడు సెంటీమీటర్ల మధ్య ఉంటుంది, దాదాపు నీ చూపుడు వేలంత. అట్ట మీద గీసి కత్తిరించి, కాళ్ళ కింద చిన్న ముక్క అంటించి పెట్టెలో నిలబెట్టు. గదిలో దీపం ఆర్పేసి, ఫోను టార్చి ముందు వైపు ఒక పక్కనుంచి పట్టుకో. మనిషి నీడ వెనక గోడ ఎక్కుతుంది. టార్చి కాస్త కిందికి దించు. నీడ ఇంకా పెరుగుతుంది. ఇప్పుడు పాట పెట్టు.